రాహుకాలం ముందు నేరేడు రంగు చీర

నా పెళ్లి చీర నేరేడుపండు రంగులో ఉండాలని చాలాకాలంగా నా కోరిక. ఈ మాట ఎవరితోనూ అనలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా పెట్టలేదు. మా అమ్మ దాన్ని నాకంటే శ్రద్ధగా చదువుతుంది.

మా వైపు పెళ్లి చీర మగపెళ్లివాళ్లు పెట్టాలి. కాబట్టి అది పెళ్లికూతురికి తప్ప అందరికీ నచ్చాలి. బుధవారం ఉదయం ఎనిమిదికి అమ్మా నేనూ చిత్తూరులో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకండి. సీటు కావాలంటే కిటికీలోంచి తువ్వాలు వేయాలి. అమ్మ తువ్వాలు తేలేదు, నన్ను తోసింది.

పూతలపట్టులో కాబోయే అత్తగారు, ఆమె ఆడబిడ్డ కనకమ్మగారు ఎక్కారు. అత్తగారు నాకన్నా తక్కువ మాట్లాడతారు. ఆ లోటు కనకమ్మగారు ఇద్దరి తరఫునా తీరుస్తారు.

"వొదినా, పన్నెండుకు రాహుకాలం. ఆ లోపలే చీర తీసేయాల," అన్నారు కనకమ్మగారు మా అమ్మతో, ఇంకా కూర్చోకముందే.

వెనక సీటు అవ్వ ముందుకు వంగింది. "పెండ్లికూతురు ఎవురు మే?"

అమ్మ నన్ను చూపించింది.

"ఈ పాపా? నేను ఈయమ్మ అనుకుంటినే!" అంది అవ్వ, కనకమ్మగారిని చూస్తూ. కనకమ్మగారు చంద్రగిరి దాటేదాకా నవ్వుతూనే ఉన్నారు.

పదికి తిరుపతిలో దిగాము. బస్టాండు పక్కన ఇడ్లీ బాగుంటుంది, నమలనిచ్చే తోడుంటే ఇంకా బాగుంటుంది. ఆటోలో గాంధీ రోడ్డు పట్టుచీరల అంగడికి చేరి, చెప్పులు విడిచి తెల్లదుప్పటి మీద కూర్చున్నాము. కనకమ్మగారు ముందుగా తనకు, తన కోడళ్లకు చీరలు ఏరారు. పదకొండు దాటాక పెళ్లి చీర సంగతి జ్ఞాపకం వచ్చింది.

నాలుగైదు విప్పాక నేరేడు రంగు వచ్చింది. సన్నటి జరీ అంచు. నేను కాస్త ఎక్కువసేపే చూసినట్టున్నాను.

"నలుపు కొడతా ఉండాది. పెండ్లికా, కర్మకా?" అన్నారు కనకమ్మగారు. అది కుప్ప అడుగుకు పోయింది. నేను ఫ్యాను వైపు చూశాను.

చివరికి అమ్మ చేతిలో ఎరుపు, కనకమ్మగారి చేతిలో చిలకపచ్చ మిగిలాయి. "మీ ఇష్టమే వొదినా," అని ఈమె, "అబ్బే, మీ ఇష్టమే," అని ఆమె. ఎవరూ చీర మాత్రం వదలరు. గోడ గడియారం పన్నెండుకు దగ్గరపడింది.

అంగడి ఆయన పసుపు గిన్నె తెచ్చి పెట్టాడు. "బిల్లు మెల్లిగా ఏసుకుందాం. ముందు అంచుకు పసుపు పెట్టేయండమ్మా, తీసినట్టే లెక్క."

అప్పుడు అత్తగారు ఆ పూట మొదటిసారి నోరు విప్పారు. "పాపనే ముట్టుకోమనండి. ఏది ముట్టుకుంటే అదే."

వాదించే సమయం లేదు. ఎరుపూ పచ్చా నా మోకాళ్ల మీదికి వచ్చి పడ్డాయి. నా చెయ్యి వాటి మధ్యలోంచి కుప్ప అడుగుకు పోయి నేరేడు రంగు అంచు పట్టుకుంది. అది నా చెయ్యేనని నేను కూడా నమ్మలేదు. మరుక్షణం అత్తగారు దానికి పసుపు పెట్టేశారు. గడియారం పన్నెండు కొట్టింది.

"అయ్యో, మార్చండి!" అన్నారు కనకమ్మగారు.

"పసుపు పెట్టిందాన్నా? అదీ రాహుకాలంలోనా అమ్మా?" అన్నాడు అంగడి ఆయన.

కనకమ్మగారు నా మోకాళ్ల మీది చిలకపచ్చను తీసి కుప్ప మీద పడేశారు. ఒకటిన్నర దాకా బిల్లు కట్టకూడదు గనక ఎదుటి హోటల్లో భోజనం చేశాము. రసం బాగుంది, నిశ్శబ్దం ఇంకా బాగుంది.

మూడు గంటల బస్సులో తిరిగి వస్తుంటే కనకమ్మగారు పక్కనామెకు మూట విప్పి చూపించారు. "నేరేడు రంగు మే. ఇప్పుడంతా ఇదే. నేనే ఎంచినాను."

చీరలకు తిరుపతి మంచి ఊరే. నాలాగా నోరు లేనివాళ్లు మాత్రం బుధవారం, పన్నెండుకు కాస్త ముందు వెళ్లండి.

పూతలపట్టులో బస్సు ఆగింది. కనకమ్మగారు దిగాక, అత్తగారు వెళ్తూ నా చెవి దగ్గర వంగారు.

"ఇంకమీద నోరు తెరిచి అడుగు పాపా. ప్రతిసారీ రాహుకాలం వచ్చి కాపాడదు."