ట్రాక్టరుకు దక్కిన పుట్టినరోజు పద్యం

వాల్‌ట్రాడ్ ష్మిట్‌గెన్ పద్యం చదివితే మృత్యువు ద్రాక్షతోట గట్టు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. నమ్మనివాళ్ళు జర్మనీలో మా మోజెల్ లోయకు వచ్చి ఎవరినైనా అడగండి.

ఆమెది ఇస్త్రీ కొట్టు. ఒక చేత్తో ఇస్త్రీ, మరో చేత్తో కవిత్వం. పెళ్ళయినా, కొత్త ఇంటికి కప్పు వేసినా, ఆమె పద్యం చదవనిదే లోయలో ఎవరూ వైన్ గ్లాసు ఎత్తరు. నగరాల కవులు పుస్తకాల్లో ఉంటారేమో, ఈమె పద్యాలు మా వంటింటి గోడలమీద ఉంటాయి.

ఆ రోజు అలోయిస్ ముసలాయన ఎనభయ్యో పుట్టినరోజని వెళ్ళింది. బల్లనిండా కేకులు. కానీ ఒక్కటీ కోయలేదు, అతిథులూ లేరు. కోడలు మార్లీస్‌కు మోచేతుల దాకా పిండి. ఇదేమిటో వాల్‌ట్రాడ్‌కు అంతుపట్టలేదు. తానే ముందొచ్చానేమో అనుకుని, శుభాకాంక్షలు చెప్పి పద్యం ఎత్తుకుంది.

"పొద్దున దగ్గినా, పొగ వదిలినా, తగ్గని మొండి,
పీపాలెన్నైనా కొండ దించే మా పాత బండి!"

"నోరు ముయ్యవే తల్లీ! పుట్టినరోజు రేపు!" అని మార్లీస్ కేక పెట్టింది.

రోజు రాకముందే శుభాకాంక్షలు చెబితే ఆ రోజు చూడరని మా భయం. అలోయిస్ మొహం పాలిపోయింది. "నా శవానికి నల్లకోటు తీసి పెట్టమ్మా, ఇవాళే పోతాను" అంటూ వెళ్ళి మంచమెక్కాడు.

"మాట వెనక్కి తీసుకో!" అంది కిటికీలోంచి పక్కింటి హెడ్డా.

"కాదు, కీడు పోవాలంటే చెక్క మీద కొట్టు!" అంది మార్లీస్.

ఏది చేయాలో తోచక వాల్‌ట్రాడ్ బల్లా, తలుపూ, చివరికి మంచం కోడూ కొట్టింది.

"అప్పుడే నా శవపెట్టెకు మేకులా?" అని మూలిగాడు ముసలాయన.

ఆయన నిజంగా పోతే? చంపింది తానేనా? గబుక్కున కిటికీ వైపు తిరిగింది. పెరట్లో ఆయన పాత ట్రాక్టరు బెర్తా కనబడింది.

"ఇది నీకని ఎవరన్నారు మామా? బెర్తాకి!" అని కిటికీలోంచి వంగి పద్యమంతా దానికే చదివింది.

అలోయిస్ తికమకపడ్డాడు. "బెర్తా పుట్టినరోజు ఇవాళా? నాకెవరూ చెప్పలేదే?" కాసేపు ఆలోచించి లేచి కూర్చున్నాడు. "అయితే దానికో కేకు ముక్క కొయ్యండి. అది తినదు గానీ, ఇలా ఇవ్వండి."

మర్నాడు ఆయనకు ఎనభై నిండాయి. వాల్‌ట్రాడ్ మళ్ళీ అదే పద్యం చదివితే అందరూ కొత్తదనుకుని చప్పట్లు కొట్టారు. మృత్యువును తరిమావటగా అని ఇప్పటికీ అడిగితే ఆమె ఇస్త్రీపెట్టె దించకుండానే అంటుంది:

"తేదీ తప్పు చూసుకున్నాను. ట్రాక్టరు పుట్టినరోజు ఎప్పుడో నాకు తెలియదు."