ఊదారంగు పసుపయ్యేటప్పుడు

ఈ పొద్దున మా ల్యాబులో ఒక విద్యార్థిని గాజునాళికను వెలుతురుకేసి ఎత్తి చూపింది. కణాలను కాపాడే గుణం ఆకురసానికి ఉంటే ఊదారంగు ద్రావణం పసుపుపచ్చగా మారుతుంది. మారింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేకపోయాను. అనంతపురంలో నాకీ పని నేర్పిన రామలక్ష్మి మేడం చప్పట్లు కొట్టనిచ్చేవారు కాదు. "ఇది సీసా. సీసాకు లివరుండదు పాడవడానికి," అనేవారు. ఏ మొక్కదో తేలేలా కొమ్మతో సహా తేకపోతే ఆకును ముట్టేవారు కాదు. చాదస్తమని చాటుగా నవ్వుకునేవాళ్లం.

నేనక్కడ చదివే రోజుల్లో ఒక ఏడు వానల్లేవు. తనకల్లు దగ్గర మా ఊళ్లో నాయన మోకాళ్ల వాపుకు ఓబులేసు తాత దగ్గర పసరు తాగుతున్నాడు. వాపు తగ్గిందని మురిసిపోయాడు కూడా. కొన్నాళ్లకు ఆయన కళ్లు పచ్చబడ్డాయి. ఏ ఆకు తాగాడని డాక్టరు అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియదు. పసరు పోసేవాళ్లు ఆకు పేరు చెప్పరు, చెబితే మందు పనిచేయదని మావైపు నమ్మకం. కాళ్లు పట్టుకున్నా తాత నోరు విప్పలేదు. నాయన ఇక దక్కడనిపించింది. మేడంకు ఫోను చేశాను.

ఆవిడ మధ్యాహ్నం బస్సుకే వచ్చి తాత ముందు కూర్చున్నారు. "పేరు చెప్పొద్దులేప్పా. యాడ కోసినావో ఆడికి పిల్చుకపో, చాలు."

తాత లేచి ముందు నడిచాడు. గుట్ట వెనక, ఎప్పుడూ కోసే తీగ నిలువునా ఎండిపోయి ఉంది. దాని పక్కనే, చూడ్డానికి అలాంటిదే ఇంకో తీగ పచ్చగా అల్లుకుంది. మేడం కొమ్మ తుంచి, ఆకు వెనక్కి తిప్పి చూశారు.

"ఇది అది కాదప్పా. ఇంకా ఎవురెవురికి పోసినావు?"

తాత చెయ్యెత్తి ఊరివైపు చూపించాడు.

పొద్దుగుంకేదాకా ఇంటింటికీ తిరిగి పసరు పారబోయించాం. ఏ ఆకో డాక్టరుకు చెప్పాక నాయన మెల్లగా కోలుకున్నాడు. ఆ రాత్రి తిరుగు బస్సులో మేడం చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. మీకూ భయమేసిందా అని అడిగాను.

"దినామూ భయమేనమ్మా. అది పోయిననాడు నేను ఆకు ముట్టను."

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ భయం నాకిచ్చి పోయారు. పొద్దున ఆ అమ్మాయిని కొమ్మ ఏదని అడిగాను. కొమ్మ లేదు, సంతలో కొన్న ఆకుపొడి కలిపాను అంది. ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా అన్నాను.

"మా అమ్మ తాగుతాండాది మేడం," అంది నవ్వుతూ.

నాళిక ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టాను. "మీ అమ్మకు ఫోను చెయ్," అన్నాను. "ఇప్పుడే."