ఇంజిను గ్యారంటీ

కువైట్ నుంచి తిరిగొచ్చిన మహబూబ్ పీర్ ప్రొద్దుటూరులో ఒక పాత డీజిల్ కారు కొని, జమ్మలమడుగు నుంచి ముద్దనూరు స్టేషనుకు బాడుగకు తిప్పుకునేవాడు. ఇంటికి అదొక్కటే ఆధారం. ఇంజినుకు ఆరు నెలలు గ్యారంటీ అని అమ్మిన ఓబులేసు నోటిమాట ఇచ్చాడు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఆ రోజుల్లో పార్టీవాళ్లు బండి అడిగారంటే తీసుకుపోయినట్టే. ఊరి నాయకుడి మనుషులు పులివెందుల దాకా కారు తోలుకుపోయి, ఇంజిను పట్టేశాక లాక్కొచ్చి పీర్ ఇంటి ముందు వదిలేశారు.

పీర్ దాన్ని లారీకి కట్టి ప్రొద్దుటూరుకు లాక్కెళ్లాడు. ఓబులేసు బానెట్టు ఎత్తి చూశాడు.

"నీళ్లు ల్యాకుండా తోలినారు. ఇది నీ పని గాదు మామా. ఎవురు తోలినారు?"

పీర్ వంగి లారీకి కట్టిన తాడు విప్పసాగాడు.

"మా అన్న ముందర ఒక్క మాట చెప్పు, బలవంతంగా గుంజుకపోయినారని. రేపే ఇంజిను కట్టించి ఇస్తా."

ఆ అన్న అవతలి పార్టీ నాయకుడు. అక్కడ నోరు విప్పితే ఆ మాట పొద్దు గూకేలోపు ఊరు చేరుతుంది. ఇంజిను వస్తుంది గానీ, తోలడానికి మనిషి మిగలాలి గదా.

"నేనే తోలినాలేప్పా. నీళ్లు చూసుకోల్యా."

"నువ్వే తోలింటే ఇంగ గ్యారంటీ యాడిది? తీస్కపో."

ఊరి మొగదల, ఆ కారు తోలుకుపోయిన చంద్రాయుడే ఎదురయ్యాడు.

"ఏంది పీరూ, బాగు చేయలేదా?"

"గ్యారంటీ లేదన్నాడన్నా."

"శానా మోసగాళ్లప్పా ఆ ప్రొద్దుటూరోళ్లు!" అని చంద్రాయుడు నిజంగానే బాధపడ్డాడు.

"ఔన్నా," అన్నాడు పీర్.