పద్మక్క అన్నది అది కాదు

ఒకావిడ మాటలు నా దగ్గర ఉండిపోయాయి. చేరవేయమని నా చేతికిచ్చింది. నేను చేరవేయలేదు. వాటి బదులు వేరేవి చేరవేశాను. ఏళ్ళు గడిచాయి, అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి. బరువు మరీ ఎక్కువేమీ కాదు, విమానంలో చేతిసంచీకి ఇచ్చే పరిమితి లోపలే ఉంటుంది. కాకపోతే దింపుకోవడానికి ఊరే రావడం లేదు.

చూశారా, అప్పుడే జోకు వేశాను. ఇది నా జబ్బు. జరిగిన తప్పును ఈ జబ్బు మీదికి నెట్టేయవచ్చు. నెట్టేస్తే నేను రోగినవుతాను, దోషిని కాకుండా పోతాను. ఆ సౌకర్యం వద్దనుకునే ఇది రాస్తున్నాను.

ఊరి పేరు చెప్పను. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ దక్షిణానికి వచ్చి ఆగిన ఊరు. జిండెల్ఫింగెన్‌లాగా పేరున్నదేమీ కాదు. అక్కడ కార్లు తయారవుతాయి, మా ఊళ్ళో ఆ కార్లకు గేర్‌బాక్సులు తయారయ్యేవి. ఇక్కడి ఊళ్ళు ఫ్యాక్టరీల లాభం మీద వచ్చే పన్నుతో బతుకుతాయి. గేర్లు అమ్ముడైనన్నాళ్ళు మాకు ఈతకొలను, లైబ్రరీ, సంగీత పాఠశాల, నాలుగు రోడ్ల కూడళ్ళలో పూలు. తరవాత ప్రపంచం బ్యాటరీ కార్ల వైపు తిరిగింది. ఆ కార్లకు మా గేర్‌బాక్సుతో పనిలేదు. ఈ సంగతి ఊరికి ఎవరూ ముఖాముఖి చెప్పలేదు. ముందు కూడళ్ళలో పూలు ఆగిపోయాయి.

తప్పెవరిదన్న చర్చ మాత్రం పుష్కలంగా జరిగింది. మేయరు రాష్ట్రాన్ని చూపించాడు, రాష్ట్రం బెర్లిన్‌ను చూపించింది, బెర్లిన్ బ్రస్సెల్స్‌ను చూపించింది. అంత దూరం చూసి చూసి కళ్ళు అలిసిపోయి, చివరికి అందరూ ఫ్యాక్టరీ గేటు వెనకనున్న మా బస్తీని చూశారు. అక్కడ ఒక బుర్గర్‌హౌస్ ఉండేది. అంటే బస్తీవాళ్ళ ఉమ్మడి ఇల్లు: ఒక హాలు, ఒక పెద్ద వంటిల్లు. దాన్ని మూసేస్తే ఊరి ఖజానా కాస్త ఊపిరి పీల్చుకుంటుందని తేల్చారు.

ఆ వంటిల్లు పద్మక్కది, తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉండేది. పద్మ అసలు పేరు కాదు. కరీంనగర్‌లో హైస్కూలు లెక్కల టీచరుగా పనిచేసి, గేర్ల ఫ్యాక్టరీలో ఇంజినీరైన భర్తతో ఇక్కడికి వచ్చింది. ఆవిడ జర్మన్ కూరగాయల దుకాణం వరకు బాగానే నడిచేది, ఆ పైన కుంటేది. శనివారాలు ఆ హాల్లో మా పిల్లలకు తెలుగు నేర్పేది. పిల్లలు జర్మన్‌లో జవాబు చెబితే, ‘అది తర్వాత, ముందు ఇది’ అనేది. బుధవారాలు హెల్గా అనే వితంతువుతో కలిసి బస్తీలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు భోజనం వండేది. ఇద్దరూ ఉల్లిపాయలు తరుగుతూ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. ఆవిడకు తెలుగు రాదు, ఈవిడకు జర్మన్ అంతంతమాత్రం. ఎవరికి ఏం అర్థమయ్యేదో నాకిప్పటికీ తెలియదు. వాళ్ళిద్దరి మధ్య అనువాదకుడి అవసరం ఎప్పుడూ పడలేదు. అది అప్పుడే గమనించి ఉండాల్సింది.

బుర్గర్‌హౌస్ గురించి జనం అభిప్రాయం వినడానికి టౌన్‌హాల్లో సభ పెట్టారు. బస్తీవాళ్ళు కూర్చుని తమ తరఫున ఒకరు మాట్లాడాలనుకుని, పద్మక్కను ఎంచుకున్నారు. ఎంచుకున్నది హెల్గా. ‘నువ్వు నీ భాషలోనే మాట్లాడు, కోపం సొంత భాషలోనే సరిగ్గా వస్తుంది’ అందట. అనువాదానికి నన్ను పిలిచారు. ఆశ్చర్యం లేదు. మా తెలుగువాళ్ళ ఉగాది ఫంక్షన్లకు యాంకర్ని నేనే. మైకు ఎక్కడుంటే అక్కడ నేనుంటానని పేరు.

టౌన్‌హాలు మెట్ల మీద ఆవిడ నన్ను ఆపింది.

“తమ్మీ, నేనన్నది అన్నట్టే చెప్పాలె. నీ జోకులు కలపకు.”

“కలపనక్కా. కలిపితే జనం మీ మాట మరిచిపోయి నన్ను గుర్తుపెట్టుకుంటారు.”

“నిన్నే గుర్తు పెట్టుకోనీ, నాకేం? ఆ తలుపు తెరిసి ఉండాలె, అంతే. నాకు కోపమొస్తే కోపంగనే చెప్పు. మీ కృష్ణా జిల్లా మర్యాదలు చెయ్యకు.”

“కృష్ణా జిల్లాలో మర్యాద ఉందన్న మొదటి మనిషి మీరే.”

నవ్వింది. నా భుజం మీద ఒకటి వేసి లోపలికి నడిచింది. నేను ఆవిడతో నిజాయితీగా ఉన్న ఆఖరి నిమిషం అదే కావచ్చు.

హాలు నిండిపోయింది. తెలుగువాళ్ళలో మేమిద్దరం తప్ప ఎవరూ రాలేదు, వాళ్ళాయన ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాడు. పద్మక్క మైకు ముందు నిలబడింది. కాగితం లేదు. తరగతి గదిలో నిలబడ్డట్టే నిలబడింది. ఆవిడ అన్నది ఇది:

“నేను ఈ ఊరికి సుట్టాన్ని కాదు, ఈ ఊళ్ళనే బతుకుతున్న. ఫ్యాక్టరీ నడిసినన్నాళ్ళు మా బస్తీ చేతులు మీకు కావాలె. ఇయ్యాల కష్టమొస్తే ముందుగాల మా తలుపే మూస్తరా? కష్టం ఊరందరిదైతే అందరం పంచుకుందాం. గుట్ట మీద పైసలున్నోళ్ళ ఈతకొలను ముట్టరు, సంగీతం బడి ముట్టరు, మా పొయ్యి ఆర్పుతరు. ఎందుకు? మేం నోరిప్పం అనే గద? ఇగో, ఇప్పుతున్న. బుధవారం వచ్చే ముసలోళ్ళు ఆ రోజు ఎక్కడ తింటరో చెప్పిపోండి. చెప్పేదాకా ఆ ఇంటి తాళంచెవి నేనియ్య.”

ఎంత బాగా మాట్లాడింది! ఆ మాట ఇప్పుడు చెప్పి ఏం లాభం.

ఆవిడ ఆగి నా వైపు చూసింది. నేను మైకు అందుకున్నాను. అందుకోగానే నోటికి అలవాటైన దారి దొరికింది. మన ఫంక్షన్లలో మైకు పట్టుకున్నవాడు మొదట ఏం చేస్తాడో మీకు తెలుసు. వేదిక మీది పెద్దలకు కృతజ్ఞతలు. గౌరవనీయులైన మేయరుగారికి, కౌన్సిల్ సభ్యులకు, ఇంతమందికి మాట్లాడే అవకాశమిచ్చిన ఊరికి ధన్యవాదాలు. జర్మన్లకు ఈ ఆచారం లేదు. వాళ్ళు ‘మంచిది’ అని నేరుగా విషయంలోకి దిగుతారు. నా ధన్యవాదాలు విని హాలు మెత్తబడింది. మేయరు చిరునవ్వు నవ్వాడు. అంతవరకు అది అలవాటు. ఒప్పుకుంటాను, అంతవరకు తప్పు కాదు.

అక్కడ నేను ఒక్క క్షణం ఆగాను. రెండో వరసలో ఒక అధికారిణి కూర్చుని ఉంది. నా పౌరసత్వం దరఖాస్తు ఆవిడ బల్ల మీద ఉంది. ఆవిడ నన్నే చూస్తోంది. ఆ క్షణంలో నాకు రెండు దారులూ కనిపించాయి. కనిపించలేదని చెప్పుకోవడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాను. కనిపించాయి.

“ఊరు కష్టంలో ఉందని మా కుటుంబాలు అర్థం చేసుకున్నాయని ఈవిడ అంటున్నారు. బుర్గర్‌హౌస్ పోతే బాధే, అయినా అందరూ ఎంతో కొంత భరించాలి. మేం వేరే దారులు చూసుకుంటాం. ముసలివాళ్ళను మాత్రం మరిచిపోవద్దని కోరుతున్నారు.”

సాఫీగా చెప్పాను. చక్కటి జర్మన్. క్రియాపదాలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

చప్పట్లు పడ్డాయి. ముందు వరసల్లో, గట్టిగా. బస్తీవాళ్ళు కూర్చున్న వెనక వరసలు కదల్లేదు. పద్మక్క ముందు వరసలే చూసింది. ముఖం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

“చూసినవా తమ్మీ, చప్పట్లు కొట్టిన్రు! మేయరు తలకాయ ఊపిండు! సూటిగ అడిగితే వింటరు వీళ్ళు. నేను మా ఆయనతోని ఎప్పుడూ అదే అంటుంట.”

“అవునక్కా” అన్నాను.

కౌన్సిల్ ఓటింగు రోజున మేయరు ఆవిడను పేరు పెట్టి మెచ్చుకున్నాడు. వలస వచ్చిన ఒక మహిళ చూపిన పరిణతి మనలో కొందరికి లేకపోయిందే అన్నాడు. బుర్గర్‌హౌస్ మూతపడింది. ఆవిడ మాట్లాడకపోయినా మూతపడేదేమో. ఈ ‘ఏమో’ను నేను చాలా వాడుకున్నాను. మూసే నిర్ణయం నాది కాదన్నది నిజమే. ఆ నిర్ణయానికి ఆవిడ నోటితో సమ్మతి చెప్పించింది నేను.

హెల్గా పద్మక్కతో మాట్లాడడం మానేసింది. వీధిలో ఎదురైతే తల తిప్పుకునేది. తాళంచెవి తీసుకోవడానికి టౌన్‌హాలు నుంచి మనిషి వచ్చిన రోజున, బస్తీ అంతా కిటికీల్లోంచి చూసింది. ఒక్కరు కూడా ఆవిడ పక్కన వచ్చి నిలబడలేదు. తమను నిండు సభలో అమ్మేసిన మనిషి పక్కన ఎవరు నిలబడతారు?

ఆ వారంలోనే ఆవిడ మా ఇంటికి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“తమ్మీ, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా? హెల్గా నా దిక్కు చూస్తలేదు. నా మాటల ఏమన్న ఎక్కువ తక్కువ అయిందా? నువ్వున్నవు గద పక్కన, నువ్వు చెప్పు.”

సభలో జరిగింది భయంతో అనుకుందాం, అలవాటుతో అనుకుందాం. ఇక్కడ గుమ్మంలో మేయరు లేడు, అధికారిణి లేదు, మైకు లేదు. నిజం చెప్పడానికి అంతకంటే అనువైన చోటు ఎవరికైనా దొరుకుతుందా?

“జర్మన్లు అంతేనక్కా. అవసరం తీరాక పట్టించుకోరు” అన్నాను.

ఆవిడ తలూపింది. నమ్మింది. ఆవిడ అనని మాటను సభలో ఆవిడ నోట్లో పెట్టాను, హెల్గాలో లేని గుణాన్ని గుమ్మంలో అంటగట్టాను. నా రెండో తప్పు మొదటిదానికంటే నల్లగా కనిపిస్తుంది నాకు.

ఎందుకు చేశాను? పౌరసత్వం కోసమని చాలాకాలం చెప్పుకున్నాను. భయం అంటే కాస్త గౌరవంగా ఉంటుంది, వినేవాళ్ళు జాలిపడతారు. కానీ ఆ అధికారిణే తరవాత నాకు పౌరసత్వ పత్రం చేతికిస్తూ, “మీరు ఆ సభలో అనువదించారు కదా. ఆ రోజు ఎవరైనా గట్టిగా అరుస్తారేమోనని ఆశపడ్డాను. మా అమ్మ ఆ బస్తీలోనే ఉంటుంది” అంది. పత్రం పట్టుకుని ఫొటో దిగాను. ఫొటోలో నవ్వుతున్నాను, బాగానే పడ్డాను.

కాబట్టి భయం కాదు. భయమే అయితే మాట మింగేసి ఊరుకునేవాడిని, అంత ముస్తాబు చేసి చెప్పేవాడిని కాదు. ముందు వరసలు నన్ను ఇష్టపడాలనుకున్నాను. అంతే. మన మనిషి కోపంగా మాట్లాడుతుంటే పక్కన నిలబడ్డ నాకు సిగ్గేసింది. పెళ్ళిలో గట్టిగా మాట్లాడే చుట్టాన్ని చూసి నవ్వుతూ సర్దుకునేవాడిలా, ఆవిడ కోపాన్ని సర్దేశాను. ఆవిడ నన్ను నోరుగా తీసుకెళ్ళింది. నేను అతిథిగా వెళ్ళాను.

గేర్ల ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించినప్పుడు వాళ్ళాయన ఉద్యోగం పోయింది. కెనడా వెళ్ళారు. ఆంటారియోలో అది కూడా కార్ల ఊరే, అది కూడా దిగజారుతున్న ఊరే. అక్కడ నగరం రాష్ట్రాన్ని చూపిస్తుంది, రాష్ట్రం ఒట్టావాను చూపిస్తుంది, ఒట్టావా సరిహద్దు అవతలి అమెరికాను చూపిస్తుంది. నాకు ఇదంతా ఎలా తెలుసంటారా? ఆ ఊరి కౌన్సిల్ సమావేశాలు నెట్‌లో పెడతారు. నేను చూస్తాను. బస్సు రూట్ల కోత మీద, లైబ్రరీ మూత మీద గంటల తరబడి చర్చలు. జర్మనీలో కూర్చుని, నాకు ఓటు లేని ఊరి బడ్జెట్ వింటుంటాను. మా ఆవిడ దీన్ని వయసు తెచ్చిన మార్పు అనుకుంటోంది. మాట్లాడేవాళ్ళను నేను చూడను. వాళ్ళ వెనక కుర్చీల్లో ఉన్న జనాన్ని చూస్తాను. ప్రతి చీర అంచు దగ్గరా వీడియో ఆపుతాను. ప్రతిసారీ ఇంకెవరో.

పోయిన నెల పద్మక్కే ఫోన్ చేసింది. వాళ్ళ వీధి లైబ్రరీ మూసేస్తారట, ఇరుగుపొరుగు ఆవిడను కౌన్సిల్లో మాట్లాడమన్నారట. అక్కడ ఆవిడకు అనువాదకుడు అక్కర్లేదు. ఇంగ్లీషులో లెక్కలు చెప్పిన మనిషి.

“వద్దన్న తమ్మీ. యాదికుందా, అక్కడ మాట్లాడితే ఏమైందో? అంత గట్టిగ మాట్లాడొద్దుండె నేను. నా నోరు మంచిది కాదు. నావల్ల హెల్గా మనసు విరిగింది, ఆ ఇల్లు పోయింది. మాట్లాడేటోళ్ళు వేరే ఉంటరు.”

“మాట్లాడండక్కా” అన్నాను.

“నువ్వు మంచోనివి, గట్లనే అంటవు” అంది.

ఎందుకు మాట్లాడాలో చెప్పలేదు నేను. వాళ్ళ పిల్లల చదువుల గురించి అడిగాను. ఒక జోకు కూడా వేశాను. ఆవిడ నవ్వింది.

నిన్న ఆ లైబ్రరీ మీద చర్చ చూశాను. జనం అభిప్రాయం చెప్పే సమయంలో ఒక అధికారి, ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగాడు. కుర్చీలన్నీ చూశాను. ఎవరూ లేవలేదు. తరవాతి అంశానికి వెళ్ళిపోయారు.

ఆవిడకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను, నా మాటల విలువ మీకు ఈపాటికి తెలిసింది. చెబితే క్షమిస్తుందో లేదో తెలియదు. క్షమించినా, ఆవిడ మూసుకున్న నోరు ఆవిడకెవరు తిరిగిస్తారు?

ఇన్నాళ్ళకు మీ ఒక్కరికైనా సరిగ్గా చేరవేశాను. ఆ రోజు పద్మక్క మాటలో తప్పేమీ లేదు. చాలా బాగా మాట్లాడింది. మార్చి చెప్పింది నేను.