మూత మీది రెండో వరుస

ఆ రోజుల్లో నాకు అక్షరాలు రావన్న సంగతి మా ఆయనకు తెలియదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నిఖా అయిన కొత్తల్లో ఇంతకంటే పెద్ద సంగతులే అడగకుండా మిగిలిపోతాయి. (పేపరు మాత్రం పట్టుకునేదాన్ని. బొమ్మలో మనుషుల తలలు పైకి ఉంటే చాలు, సరిగ్గానే పట్టుకున్నానని ధైర్యం.)

మా ఆయన ఏలూరులో ఫ్రిజ్ మెకానిక్కు. మా అత్తగారు అల్లం, బెల్లం, నిమ్మరసం కలిపి రెండు రోజులు పులియబెట్టి చేసే సోడా అంటే వీధంతా చెవి కోసుకునేది. దాన్ని కరెంటు లేని చోట కూడా చల్లగా పోయాలని ఆయన పట్టుదల. చెక్కపెట్టె లోపల థర్మాకోల్ అతికించి, మధ్యలో సన్నటి స్టీలు పైపును చుట్టగా అమర్చారు. చుట్టూ ఐసు నింపాలి. పక్కన డ్రమ్ములో ఉన్న సోడాను సిలిండర్లోని సోడా గ్యాసు తోస్తే, అది ఐసులోని చుట్టంతా తిరిగి కుళాయిలోంచి చల్లగా రావాలి. మొదటి బేరం కైకలూరులో, చేపల చెరువుల ఆసామి గారింట్లో పెళ్లి. అది నెగ్గితే సొంత వ్యాపారం. లేదంటే తాడేపల్లిగూడెం వెళ్లి పాత ఓనరు దగ్గర మళ్లీ జీతానికి కుదరడమే.

పందిట్లో పెట్టె దించి, "నువ్వు ఐసు నింపు. మూత మీద రాశాను, చూసుకో" అని ఆయన డ్రమ్ము దగ్గరికి వెళ్లారు. చూశాను. ఎర్ర రంగుతో ఒక వరుస. కొత్త పెళ్లికొడుకు పెట్టె మీద ఇంకేం రాస్తాడు? నా పేరే అనుకున్నాను. కొంగుతో మెల్లిగా తుడిచాను. ఆ సంతోషంలో, పుట్టింట్లో నేర్చిన పనంతా చూపించాలనిపించింది. మా నాన్నది కుల్ఫీ బండి. ఐసు పొరపొరకీ రాళ్లుప్పు చల్లితే చల్లదనం రెట్టింపవుతుందని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. వంటవాళ్లనడిగి ఉప్పు తెచ్చి, ప్రేమగా దట్టించాను.

కుళాయి తిప్పితే రెండు చుక్కలు రాలి ఆగిపోయాయి.

"ఏవండీ మెకానిక్కుగారూ, మగపెళ్లివారు దిగిపోయారండీ. మీ కుళాయి ఇంకా ముహూర్తం చూసుకుంటోందా?" అన్నారు ఆసామి.

"మున్సిపాలిటీ కుళాయి తెచ్చిపెట్టినట్టున్నాడండీ!" అన్నాడు వెనకనుంచి ఒక పెద్దాయన.

మా ఆయన గ్యాసు పెంచారు. ఇంకా పెంచారు. చివరికి మూత తీసి, ఐసు నీళ్లలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు.

"ఉప్పు వేశావా?"

"నాలుగు దోసిళ్లేనండీ."

"పైపులో సోడా గడ్డకట్టేసింది. మూత మీద రాశాను కదా!"

"నా పేరు రాశారనుకున్నానండీ."

ఆయన మూత మీది రాత వైపు ఒకసారి చూశారు. నా కళ్లలోకి చూసి, తల దించుకుని, వంటశాల నుంచి బకెట్టుడు వేణ్నీళ్లు తెచ్చి పెట్టెలో పోశారు. కుళాయి తెరిచే ఉందన్న సంగతి ఇద్దరమూ మరిచిపోయాం. పెంచిన గ్యాసంతా ఒక్కసారి తోసింది. సోడా ధారకట్టి ఆసామిగారి పట్టుచొక్కా మీద పడింది.

నా కాపురం అక్కడితో సరి అనుకున్నాను. ఆసామిగారు మీసం తుడుచుకుని, పెదవులు నాకి చూసుకున్నారు. "చల్లగానే ఉందయ్యా. ఇంకోటి పట్టు. ఈసారి గ్లాసులో."

ఇంటికొచ్చాక మా ఆయన రంగు డబ్బా తీసి, మూత మీద రెండో వరుస రాశారు. "ఇది నీ పేరు. పెట్టె తెరిచే ముందు చూసుకో" అన్నారు. ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లామో, అన్నిసార్లూ ముందు ఆ వరుసనే తుడిచేదాన్ని.

యాభై దాటాక, మధ్యాహ్నం క్లాసులకు వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. ఒకరోజు అటక మీది పాత మూత దించి, వేలు పెట్టి కూడబలుక్కున్నాను. మొదటి వరుస: ఉప్పు వేయరాదు. రెండోది: మళ్లీ చెబుతున్నాను, వేయరాదు.

"ఏంటే, ఎందాకా వచ్చింది చదువు?" అన్నారు, టీ తాగుతూ.

"నా పేరు దాకా వచ్చిందండీ."

ఆయన అయిపోయిన టీ గ్లాసునే మళ్లీ ఎత్తి తాగబోయారు. నేను కొంగుతో రెండో వరుస ఇంకోసారి తుడిచాను. అన్నేళ్లు నా పేరుగా ఉన్న మాట, చదవడం వచ్చినంత మాత్రాన పరాయిదైపోతుందా?