గీత దాటిన నీడ

డిసెంబరు 21. ఉన్నవాళ్ళు: నేను, మా ఆవిడ, గోడకు అవతల మా చిన్నాన్న కొడుకు.

ఇది నా పాత డైరీలోని వాక్యం. ఈ మధ్యాహ్నం వాయుగుండం తేలిపోయి ఎండ రాగానే పెరటి కంచె నీడను చూస్తూ నిలబడ్డాను, అక్కడ గోడ ఉన్న చివరి ఏడాది గుర్తొచ్చింది.

పగలు అన్నిటికన్నా కురచగా ఉండే రోజున మిట్టమధ్యాహ్నం దక్షిణపు గోడ నీడ ఎక్కడిదాకా పడిందో గచ్చు మీద గీత గీయడం నాకు ఉద్యోగం నాటి అలవాటు. "సూర్యుడికి హాజరు వేస్తున్నారా?" అనేది మా ఆవిడ. ఆయన ఏనాడూ తప్పలేదు. నీడ ఏటా పాత గీతనే తాకేది. ఆ ఏడు మాత్రం బెత్తెడు దాటింది.

సూర్యుణ్ణి అనుమానించలేను కనుక తమ్ముణ్ణి అనుమానించాను. పంపకాల నాటినుంచీ ఆ ఉమ్మడి గోడ మీద అతని చూపు నాకు నచ్చేది కాదు. తుఫాను వానలకు మేము తలుపులు మూసుకొని కూర్చున్న రోజుల్లో గుట్టుగా ఒక వరస ఇటికలు లేపి ఉంటాడు, రేపు దాని మీద రేకులు దించుతాడు. గోడ మీదుగా ఆ మాటే అడిగేశాను.

"ఆ ముసురులో ఇటికలు పేర్చేదానికి నాకేమన్నా పిచ్చా అన్నా? వరసలు లెక్కబెట్టుకో!"

లెక్కబెట్టాను. వరస పెరగలేదు. నా అనుమానమూ తగ్గలేదు. అతను విసురుగా మా పెరట్లోకి వచ్చి, దారానికి రాయి కట్టి గోడ పైనుంచి వదిలాడు. రాయి గోడ అడుగుకు బెత్తెడు ఎడంగా వేలాడింది. మట్టితో కట్టిన గోడ. పునాది నాని మా వైపు ఒరుగుతోంది. దాని పక్కనే మా నీళ్ళ పొయ్యి. చలి మొదలైతే మా ఆవిడ రోజూ పొద్దున్నే అక్కడ కూర్చుని నీళ్ళు కాచేది.

"వదినా, రేపు మా పొయ్యి మీద కాచుకో. గోడ పడగొట్టేదాకా దీని దగ్గరికి రావాకు."

ఇదీ ఎత్తే అనుకున్నాను. ముందు పొయ్యి, తర్వాత గోడ, ఆపైన హద్దు. మా ఆవిడను అతని పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నాను.

"మీ గీతకి మీరు కాపలా ఉండండి. నాకు వేణ్ణీళ్ళు కావాలి" అంది ఆవిడ.

మరునాడు పొద్దున మంచు దట్టంగా పట్టింది. ఆవిడ బిందెతో అటు వెళ్ళింది. హద్దురాయి ఉందో లేదో చూసుకుందామని నేను పెరట్లోకి దిగబోతున్నాను. బస్తా దించినట్టు దబ్బుమంది. మా పొయ్యి ఉన్న చోట తడి ఇటికల కుప్ప.

"అన్నా, వదిన ఈడనే ఉండాది!" తమ్ముడు గట్టిగా అరిచాడు. నాకు కనిపిస్తూనే ఉంది. గోడ లేని ఖాళీలోంచి, మంచులో, వాళ్ళ మంట ముందు చేతులు కాచుకుంటూ.

"మీకూ నీళ్ళు కాగాయి, రండి" అంది.

పగళ్ళు పెరగడం మొదలైందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. అది ఏటా జరిగేదే. అన్నేళ్ళూ నేను నీడను కొలుస్తూ కూర్చున్నాను.