ఇరవై రెండేళ్ళుగా పితకని ఆవు

డెస్ పిగట్ ఏ నవల చదివినా అందులో ఒక్కటే చూస్తాడు: జంతువులకు వేళకి తిండి అందిందా లేదా. హంతకుడు దొరికాడా, ప్రేమికులు కలిశారా, అవన్నీ అతనికి అనవసరం. నలభై ఏళ్ళు పశువుల మందలు తోలిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక గుర్రం దిగి నవలల మీద పడ్డాడు. ఇలాంటి పాఠకుడు ఆస్ట్రేలియా మొత్తం మీద మా మిరంబాకే దక్కాడు. పక్క ఊరివాళ్ళు తమకీ ఒకడున్నాడంటారు గానీ, వాడు ఉత్త పేజీలు తిప్పే రకం.

మిరంబా లైబ్రరీ అంటే పోస్టాఫీసు వెనక ఒక గది, ఒక ఫ్యాను, లైబ్రేరియన్ మొరీన్ హాలొరన్. గురువారం మధ్యాహ్నాలు అక్కడ నవలల మీద చర్చ. టీ, కొబ్బరికోరు అద్దిన కేకులు, బెరిల్ కన్నీళ్ళు తప్పనిసరి. బేకరీ నడిపే బెరిల్ పుస్తకం అట్ట చూసే ఏడవగలదు.

ఆ గురువారం కూడా ముక్కు చీదుతూ, "వానలో గుర్రమెక్కి వచ్చి ఆమె కిటికీ కింద నిలబడ్డాడే, నా ప్రాణం పోయిందనుకో" అంది.

"గుర్రం సంగతేంటి?" అన్నాడు డెస్.

"గుర్రానికేమయింది?"

"నూట పన్నెండో పేజీలో గేటుకి కట్టాడు. నూట అరవైలో పెళ్ళయిపోయింది. మధ్యలో విప్పినట్టు ఎక్కడా లేదు. పెళ్ళికొచ్చినవాళ్ళు కేకు తిన్నారు. గుర్రానికి మేత ఎవరేశారు?"

"ఇది ప్రేమకథ, డెస్!"

"గుర్రానికి కాదుగా."

అంతకుముందు నెలలో డిటెక్టివ్ నవల. పిల్లిని ఇంట్లో పెట్టి తాళం వేసి, డిటెక్టివ్ మూడు దేశాలు తిరిగి హంతకుణ్ణి పట్టుకున్నాడు. "నాలుగు హత్యలని అట్ట మీద వేశారు. అబద్ధం. ఐదు" అన్నాడు డెస్. భూమి పేలిపోతుంటే జనమంతా రాకెట్లెక్కి పారిపోయే నవలలో అతనికొచ్చిన సందేహం, కోళ్ళగూటి తలుపైనా తీసి వెళ్ళారా అని.

నోటితో అన్నంతవరకు మొరీన్ ఓర్చుకుంది. డెస్ పెన్సిల్ పట్టాడు.

పద్నాలుగు మంది వరుసలో ఎదురుచూస్తున్న కొత్త నవల అది. మూడు తరాల కథ. అందులో ఒక పిల్ల పాలు పితకడానికి చెంబు తీసుకుని బయల్దేరి, పితక్కుండానే ప్రియుడితో లేచిపోతుంది. తర్వాతి అధ్యాయం "ఇరవై రెండేళ్ళు గడిచాయి" అని మొదలవుతుంది. దాని పక్కనే డెస్ రాశాడు: "ఇరవై రెండేళ్ళు! ఆవు పాలు ఎవరు పితికారు?"

అంతే, ఆ పుస్తకం చదివినవాళ్ళెవరికీ ఇక కథ ఎక్కలేదు. ఒక్కొక్కరే వచ్చి ఆవు గురించి వాకబు చేయసాగారు. బెరిల్ అయితే పుస్తకం బల్ల మీద విసిరికొట్టింది.

"నాకు ఏడుపు రాలేదు మొరీన్! అక్కడ నాయనమ్మ ప్రాణం పోతోంది, నా కళ్ళముందు ఆవు పొదుగు!"

మొరీన్ ఒంటికాలి మీద లేచింది. "చాలించు డెస్. లైబ్రరీ పుస్తకాల్లో రాతలు రాస్తే ఊరుకునేది లేదు. నీ కార్డు రద్దు చేయిస్తా."

డెస్ మొహం వాడిపోయింది. భార్యా పిల్లలూ లేనివాడు, ఇంట్లో టీవీ కూడా లేదు. "కార్డు పోతే నేనేం చదువుకోను తల్లీ?"

"సీసాల మీది లేబుళ్ళు చదువుకో."

"సరేలే. కానీ ఆ ఆవు..."

"డెస్!"

కార్డు రద్దుకి నూట ఎనభై కిలోమీటర్ల దూరంలోని పట్నంలో అధికారి ముద్ర పడాలి. సోమవారం పొద్దున్నే మొరీన్ బయల్దేరింది. ఇంట్లో ఉన్నది బిషప్ ఒక్కటే. అది గులాబీ రొమ్ముండే గాలా జాతి చిలక. పోయిన భర్త ఫ్రాంక్ దానికి నేర్పిన మాట ఒకటే: "టీ పెట్టు మొరీన్!" అచ్చం ఫ్రాంక్ గొంతే. ఆ గొంతు వినపడితేనే మొరీన్‌కి తెల్లారినట్టు.

బిషప్‌కి ఒక్కరోజు గింజలు పోసి, తలుపు తాళం వేసింది. పెట్రోలు బంకు దగ్గర డెస్ ఎదురైతే మొహం తిప్పుకుని బంకు వాడితో, "సాయంత్రానికి వచ్చేస్తా" అంది.

మధ్యాహ్నానికి ముద్ర పడింది. రెండింటికి ఆకాశానికి చిల్లుపడింది. వాగు వంతెనను మింగేసింది, సెల్ టవర్ పడిపోయింది. వాగు మూడు కిలోమీటర్ల వెడల్పు పారిందంటారు. డెస్‌నడిగితే ఏడు.

మొరీన్ తొమ్మిది రోజులు మోటెల్లో చిక్కుకుపోయింది. బిషప్ గింజలు ఒక్కరోజుకే. ఆలోచన మళ్ళించుకుందామని నాలుగో రోజు అక్కడున్న నవల ఒకటి తెరిచింది. కథానాయిక ఇంటికి తాళం వేసి పారిస్ వెళ్ళిపోయింది. ఆరో పేజీలో గాజుతొట్టెలో బంగారు చేప ఉంది. తొంభయ్యో పేజీకొచ్చినా దాని ఊసే లేదు. మొరీన్ చెయ్యి దానంతటదే పెన్సిల్ అందుకుని, "చేప ఏమైంది?" అని రాసింది. రాసి, పాముని ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

పదో రోజు వంతెన బయటపడింది. కారు ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. తాళంలో చెవి పెట్టింది. అప్పుడు లోపల్నుంచి వినపడింది:

"టీ పెట్టు మొరీన్!"

బిషప్ గుమ్మడికాయలా ఊరి, పంజరంలో పక్కకి తిరగడానికే అవస్థ పడుతోంది. గింజల డబ్బా మీద పెన్సిల్ రాతల కాగితం ఒకటి ఉంది.

"మంగళవారం: గింజలు, ఆపిల్ ముక్క. పక్షి క్షేమం. బుధవారం: పడవ బోల్తా. ఆపిల్ తడిసింది. పక్షి పట్టించుకోలేదు. గురువారం: నవల చదివి వినిపించాను. ప్రేమ ఘట్టంలో నిద్రపోయింది. తెలివైన పక్షి."

వెనక తలుపు తోసుకుని మోకాళ్ళదాకా బురదతో డెస్ వచ్చాడు, చేతిలో ఆపిల్ పండు.

"వచ్చావా? తాళంచెవి పూలకుండీ కింద ఉంటుందని ఊరంతటికీ తెలుసు. చుట్టూ నీళ్ళు చేరితే రేకు పడవేసుకొచ్చా."

"నాకు దారి మూసుకుపోతుందని నీకెలా తెలిసింది?"

"సాయంత్రానికి వచ్చేస్తానన్నావుగా. మూడొందల నవలలు చదివాను తల్లీ, ఆ మాట అన్నవాళ్ళు ఒక్కరూ సాయంత్రానికి రాలేదు."

మొరీన్ సంచిలోంచి ముద్ర పడిన కాగితం తీసింది. అందులో తన పేరు చూసి డెస్ టోపీ తీశాడు. మొరీన్ పంజరం అడుగు పలక లాగి, పాత పేపరు తీసేసి, ఆ కాగితం చక్కగా పరిచింది. బిషప్ వెంటనే దాని మీద తన ముద్ర కూడా వేసింది. ఆపైన అచ్చం డెస్ గొంతుతో అరిచింది:

"గుర్రానికి మేత ఎవరేశారు?"

"బూట్లు విప్పి కూర్చో, టీ పెడతా" అంది మొరీన్, నవ్వాపుకోలేక.

డెస్ కూర్చుని నసిగాడు. "తల్లీ, కోప్పడనంటే... ఆ ఆవు..."

ఇప్పుడు మిరంబా లైబ్రరీకి వెళ్ళి ఆ నవల తెరిచి చూడండి. "ఆవు పాలు ఎవరు పితికారు?" అన్న రాత కింద గుండ్రటి అక్షరాల్లో జవాబుంది: "రోజూ రెండు పూటలా నేనే పితికాను. మొరీన్ హాలొరన్, లైబ్రేరియన్."

అది చూశాక బెరిల్ హాయిగా ఏడవగలుగుతోంది.